సెల్లార్‌లో హోం థియేటర్: నడుమ బీము ఉన్న గదికి ఏ ప్రొజెక్టర్, ఎక్కడ బిగించాలి?

నక్కలగుట్ట ఇల్లు:

ఈ ఫోరం మిత్రులందరికీ నమస్కారం. హన్మకొండలో మా ఇంటి స్థలం వెనుకవైపు పల్లంగా ఉండటంతో ఇంటి కింద ఒక గది దానంతట అదే ఏర్పడింది. బేస్‌మెంట్ అంటే మన మేస్త్రీలు పునాది మీద లేపే కట్టు అనుకుంటారు కనుక దీనిని సెల్లార్ అనే రాస్తాను. ఇన్నేళ్లుగా పాత సామాను వేసిన ఆ గదిని ఇప్పుడు హోం థియేటర్‌గా మార్చాలనుకుంటున్నాను. మోకాళ్ల నొప్పుల వల్ల నాన్న సినిమా హాలు మెట్లెక్కి నాలుగేళ్లయింది. ఈ గది దర్వాజ పెరటి మట్టానికే తెరుచుకుంటుంది కాబట్టి ఆయన ఒక్క మెట్టు కూడా ఎక్కకుండా, దిగకుండా వచ్చి కూర్చోగలరు. నా ఆరాటమంతా అందుకోసమే.

గది పొడవు 20 అడుగులు, వెడల్పు 13 అడుగులు, నేల నుంచి స్లాబుకు 9 అడుగుల 6 అంగుళాలు. ఒకటే చిన్న కిటికీ ఉంది. తెర కట్టదలచిన గోడ నుంచి 9 అడుగుల దూరంలో, గది వెడల్పంతా ఒక బీము అడ్డంగా ఉంది. దాని మందం 9 అంగుళాలు, స్లాబు కంటే 15 అంగుళాలు కిందికి దిగి ఉంది.

మొదట ఆన్‌లైన్‌లో 9000 ల్యూమెన్లు (ప్రొజెక్టర్ ఇచ్చే వెలుగు కొలత) అని రాసి ఉన్న చిన్న ప్రొజెక్టర్ తెప్పించాను. గది పూర్తిగా చీకటి చేసినా బొమ్మ మసకగానే పడింది, మూలల్లో అక్షరాలు అలికినట్టు కనిపించాయి. తిరిగి పంపేశాను. ఇక్కడ దుకాణంలో అడిగితే 4000 ల్యూమెన్లది తీసుకోమన్నారు, బీము వెనుక 13 అడుగుల దగ్గర స్లాబుకు ఆనించి బిగించి, ముందుకు వంచి, వంకరగా పడే బొమ్మను కీస్టోన్ అనే సెట్టింగ్‌తో సరిచేస్తామన్నారు. మూల నుంచి మూలకు 120 అంగుళాల తెర కావాలి, మొత్తం లక్షన్నర వరకు పెట్టగలను. దయచేసి దారి చూపండి.

కరీంనగర్ సివిల్:

అన్నగారూ, ప్రొజెక్టర్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు నీటి సంగతి తేల్చుకోండి. 2020 ఆగస్టులోనూ 2023 జులైలోనూ హన్మకొండ, వరంగల్ కాలనీల్లోకి నీళ్లు ఎలా వచ్చాయో మనమంతా చూశాం. పల్లంలో ఉన్న గదికి నీరు మూడు దారుల్లో వస్తుంది. దర్వాజ గుండా వచ్చేది ఒకటి, గోడల్లోంచి ఊరేది రెండోది, మోరి నిండి పైపులో వెనక్కి తన్నేది మూడోది. మూడోదాన్ని చాలామంది మరిచిపోతారు. సెల్లార్‌లో బాత్రూం గానీ నేల జాలీ గానీ ఉంటే ఆ పైపుకు నీరు వెనక్కి రానివ్వని వాల్వు తప్పక పెట్టించండి.

గోడ చెమ్మను కనిపెట్టడానికి ఖర్చు లేని పద్ధతి ఒకటుంది. రెండడుగుల చదరపు ప్లాస్టిక్ కవరును గోడకు ఆనించి, నాలుగు అంచులా గాలి చొరబడకుండా టేపు వేసి, రెండు రోజులు వదిలేయండి. కవరు లోపలివైపు, అంటే గోడవైపు నీటి బొట్లు పడితే గోడే నీరు తెస్తున్నట్టు. గదివైపు మాత్రమే తడి తేలితే అది గదిలోని గాలి చెమ్మ, దానికి ఏసీ చాలు. గోడే తెస్తుంటే మాత్రం లోపల ఎంత మంచి రంగు వేసినా ఒక్క వానకాలానికే పొంగి రాలిపోతుంది, కాబట్టి బయటి నుంచే బాగు చేయాలి.

ఇంకొక మాట. మున్సిపాలిటీ మంజూరు చేసిన ప్లానులో ఆ గదిని దేనికోసం చూపించారో ఒకసారి చూసుకోండి. పార్కింగ్ అని ఉంటే పని మొదలుపెట్టక ముందే ఆ విషయం తేల్చుకోవడం మేలు.

నక్కలగుట్ట ఇల్లు:

ప్లానులో అది స్టోర్ గదిగానే ఉంది. కవరు పరీక్ష ఈ రోజే నాలుగు గోడలకూ మొదలుపెట్టాను. మాకు సెల్లార్‌లో బాత్రూం లేదు.

పాత ఆపరేటర్:

నేను జనగామ వైపు ఒక హాలులో ముప్పై ఏళ్లు ప్రొజెక్టర్ నడిపాను. కార్బన్ కడ్డీల వెలుగులో మొదలుపెట్టి, జినాన్ దీపాల మీదుగా డిజిటల్ వచ్చేవరకు ప్రొజెక్టర్ గదిలోనే ఉన్నాను కాబట్టి వెలుగు గురించి నాలుగు మాటలు చెప్పగలను.

ఎన్ని ల్యూమెన్లని ముందే అడగకూడదు, అవి ఎంత పెద్ద తెర మీద పరుచుకుంటాయని అడగాలి. హాలులో ఫిల్ము కాలంలో తెర వెలుగు 16 ఫుట్-ల్యాంబర్ట్‌లు (తెర నుంచి కంటికి తిరిగొచ్చే వెలుగు కొలత) ఉండాలని ప్రమాణం, డిజిటల్‌కు వచ్చాక అది 14 అయింది. మీ 120 అంగుళాల తెర సుమారు 8.7 అడుగుల వెడల్పు, 4.9 అడుగుల ఎత్తు, అంటే 43 చదరపు అడుగులకు కాస్త తక్కువ. వెలుగును పెంచకుండా తగ్గించకుండా తిప్పి పంపే మామూలు తెల్ల తెర మీద 16 రావాలంటే, లెన్సు నుంచి బయటికి వచ్చే వెలుగు 685 ల్యూమెన్ల దగ్గర ఉంటే సరిపోతుంది. మరి పెట్టెల మీద వేలల్లో ఎందుకు రాస్తారంటే, ఆ అంకె ముఖాలు పచ్చగా కనిపించే అత్యధిక వెలుగు మోడ్‌లో కొలిచింది. రంగులు సరిగ్గా ఉండే సినిమా మోడ్‌లో అది సగం దాకా పడిపోవచ్చు. దీపం ఉన్న ప్రొజెక్టరైతే, దీపం ఆయుష్షు తీరేసరికి మిగిలినదాంట్లోనూ సగమే ఉంటుంది. అందుకే 685ని రెండింతలు చేసి, మళ్లీ రెండింతలు చేస్తే సుమారు 2750 వస్తుంది. చీకటి గదికి 2500 నుంచి 3000 మధ్యది చాలు. మీరు తిరిగి పంపిన దాని మీద ఉన్న 9000 ఏ ప్రమాణం ప్రకారం కొలిచిందో పెట్టె మీద ఉండి ఉండదు. ఆన్సీ ల్యూమెన్లు అని గానీ ఐఎస్ఓ ల్యూమెన్లు అని గానీ లేని అంకెను పక్కన పెట్టేయండి.

వెలుగు కంటే నలుపు ముఖ్యం. తెర మీద పడిన వెలుగు తెల్లటి స్లాబుకు, పక్క గోడలకు తగిలి మళ్లీ తెర మీదికే వస్తే, రాత్రి సన్నివేశం మొత్తం బూడిద రంగులోకి మారుతుంది. 4000 ల్యూమెన్లు కొనే డబ్బులో కొంత తీసి, తెరకు దగ్గరున్న ఆరేడు అడుగుల మేర స్లాబుకూ పక్క గోడలకూ మెరుపులేని ముదురు రంగు వేయించండి. తేడా మొదటి రోజే కనిపిస్తుంది.

మంచిర్యాల తెర:

పెద్దాయన చెప్పిన లెక్క అక్షరాలా నిజం. నేను దూరం లెక్క చెబుతాను. ప్రొజెక్టర్ నుంచి తెరకు ఉన్న దూరాన్ని తెర వెడల్పుతో భాగిస్తే వచ్చేది త్రో నిష్పత్తి. మీ తెర వెడల్పు 104.6 అంగుళాలు. బీముకు ముందు బిగించాలంటే తెర నుంచి 104 అంగుళాల లోపే లెన్సు ఉండాలి, అంటే నిష్పత్తి ఒకటికి కాస్త తక్కువ. ఎక్కువ ప్రొజెక్టర్లు 1.2 నుంచి 1.5 మధ్య ఉంటాయి కాబట్టి ఆ చోట 120 అంగుళాలు పట్టదు, 100 అంగుళాలే పడుతుంది. 120 కావాలంటే బీము వెనక్కి వెళ్లక తప్పదు.

ఇక దుకాణం వారు చెప్పిన పద్ధతిలో పెద్ద పొరపాటు ఉంది. ప్రొజెక్టర్‌ను ఎంత వంచినా, కీస్టోన్ ఎంత సరిచేసినా, లెన్సు నుంచి తెర పై అంచుకు వెలుగు వెళ్లే దారి ఒకే సరళరేఖ. వంచడం వల్ల ఆ రేఖ మారదు. దాన్ని మార్చాలంటే లెన్సునే కిందికి దించాలి. పైగా కీస్టోన్ సరిచేయడమంటే బొమ్మను లోపలే కుదించి, కొన్ని పిక్సెళ్లను వదులుకోవడం. కొన్న స్పష్టతలో కొంత మన చేత్తో మనమే పారేసుకున్నట్టు.

పాత ఆపరేటర్:

సరిగ్గా చెప్పావు తమ్ముడూ. మా హాలులో ప్రొజెక్టర్ గది ఎత్తుగా ఉండేది. వెలుగు వంకరగా పడి బొమ్మ పైన సన్నగా, కింద వెడల్పుగా వచ్చేది. అప్పుడు ప్రొజెక్టర్‌లో ఫిల్ము మీద వెలుగు పడే గేటులో పెట్టే లోహపు పలకను ఆకురాయితో కొద్దికొద్దిగా అరగదీసి, తెర మీద వేసి చూసి, మళ్లీ తీసి అరగదీసి, నాలుగు అంచులూ నిటారుగా వచ్చేదాకా పని చేసేవాళ్లం. ఒక పలకకు సగం రోజు పట్టేది. అయినా బొమ్మలోని వంకర పోయేది కాదు, అంచుల వంకర మాత్రమే పోయేది. మీ ఇంట్లో ఎత్తు మీ చేతిలోనే ఉంది కాబట్టి లెన్సును ఉండాల్సిన ఎత్తులోనే ఉంచండి.

నక్కలగుట్ట ఇల్లు:

కవరు పరీక్ష ఫలితం వచ్చింది. మూడు గోడలు పొడిగా ఉన్నాయి. కుడి గోడ కవరు వెనుక బొట్లు వరుసగా నిలిచాయి. బయట చూస్తే డాబా మీది వాననీటి గొట్టం సరిగ్గా ఆ గోడ మొదట్లోనే పడుతోంది, అక్కడ మట్టి మెత్తగా గుంట పడి ఉంది. గొట్టాన్ని పొడిగించి పెరటి చివరికి మళ్లించాను. గోడ వెంట మట్టి తీసి, బయటి గిలాబు కొట్టేసి కొత్తగా వాటర్‌ప్రూఫ్ పూతతో చేయిస్తున్నాను. దర్వాజకు ఎనిమిది అంగుళాల గడప కట్టాలనుకున్నాను గాని, నాన్న కాళ్లను తలచుకుని దాని బదులు దర్వాజ బయట వాలుగా ఉన్న ర్యాంపు, దాని ముందు జాలీ కాలువ పెట్టిస్తున్నాను. కరీంనగర్ సోదరులకు నా కృతజ్ఞతలు.

హుజూరాబాద్ టీచర్:

ఒక విషయం ఎవరూ ప్రస్తావించలేదు కాబట్టి రాస్తున్నాను. మా బంధువుల ఇంట్లో ఒక్క చిప్ మీది చిన్న చిన్న అద్దాలతో బొమ్మ వేసే డీఎల్‌పీ ప్రొజెక్టర్ ఉంది. దానిలో రంగుల చక్రం తిరుగుతూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం బొమ్మలను ఒకదాని తర్వాత ఒకటి వేస్తుంది, మన కన్ను వాటిని కలుపుకుంటుంది. అందరి కన్నూ ఒకేలా కలుపుకోదు. నేను చూపు తిప్పిన ప్రతిసారీ తెల్ల అక్షరాల అంచున ఇంద్రధనుస్సు ముక్కల్లాంటి మెరుపులు కనిపించి, గంటలో తలనొప్పి వచ్చింది. పక్కన కూర్చున్న మా వారికి ఏమీ కనిపించలేదు. నల్లటి నేపథ్యం మీద తెల్లటివి ఉన్నప్పుడు ఇది ఎక్కువ తెలుస్తుంది. మీ నాన్నగారు పాత నలుపు తెలుపు సినిమాలు చూసేవారైతే, కొనకముందే ఆయనను, పిల్లలను తీసుకుని వెళ్లి కనీసం అరగంట చూపించండి. మూడు ఎల్‌సీడీ పలకలున్న రకంలో మూడు రంగులూ ఒకేసారి పడతాయి కాబట్టి ఈ బాధ ఉండదు.

మంచిర్యాల తెర:

మేడమ్ చెప్పింది విలువైన విషయం, అయినా రెండో వైపు కూడా చెప్పాలి. అదే ధరలో డీఎల్‌పీలో 4కె వస్తుంది. చిప్‌లో ఉన్న 1920 × 1080 అద్దాలను ఒక్కో ఫ్రేముకు నాలుగుసార్లు కొద్దిగా జరిపి 3840 × 2160 చుక్కలు వేస్తారు. బొమ్మ చాలా పదునుగా ఉంటుంది. మూడు ఎల్‌సీడీల రకంలో వెలుగు వెళ్లే దారి అంత మూసి ఉండదు కాబట్టి దుమ్ము పలక మీద చేరితే తెర మీద మచ్చగా కనిపిస్తుంది, ఫిల్టర్‌ను క్రమం తప్పకుండా శుభ్రం చేయాలి. కానీ మీ గదికి అసలు తేల్చాల్సింది లెన్స్ షిఫ్ట్, అంటే ప్రొజెక్టర్‌ను వంచకుండా లెన్సును మాత్రమే కదిపి బొమ్మను జరపడం. తక్కువ ధర డీఎల్‌పీల్లో లెన్సు ఎత్తు తెర పై అంచుతో ముడిపడి ఉంటుంది, అటూ ఇటూ జరిగే వీలు చాలా తక్కువ. మూడు ఎల్‌సీడీల రకంలో ఈ ధరకే నిలువుగా బొమ్మను జరిపే లెన్స్ షిఫ్ట్ దొరుకుతుంది, జూమ్ పరిధి కూడా ఎక్కువ. బీము ఉన్న గదికి ఆ వెసులుబాటు 4కె కంటే ఎక్కువ విలువైనదని నా అభిప్రాయం.

కాజీపేట సిగ్నల్:

రైల్వేలో సిగ్నల్ పని చేసి రిటైరైనవాడిని, వైర్ల గురించి రాస్తాను. గిలాబు పని జరుగుతున్నప్పుడే రెండంగుళాల పైపు వేయించండి. అంగుళం పైపులో, బొమ్మను ప్రొజెక్టర్‌కు తెచ్చే హెచ్‌డీఎంఐ వైరు తల దూరదు. మూలల్లో మోచేయి వంపులు వద్దు, పొడవాటి వంపులు వాడండి, లోపల లాగడానికి ఒక నైలాన్ తాడు వదిలేయండి. పదేళ్లకు వైరు మార్చాల్సి వస్తే గోడ పగలగొట్టే పని ఉండదు.

ఆంప్లిఫయర్ తెర పక్కన, ప్రొజెక్టర్ గది వెనుక ఉంటే, గోడ ఎక్కి దిగే దారంతా కలిపి వైరు పది మీటర్లు దాటుతుంది. 60 ఫ్రేముల 4కెకు సెకనుకు 18 గిగాబిట్లు వెళ్లాలి, మామూలు రాగి వైరు అంత దూరం నమ్మకంగా మోయదు, బొమ్మ మధ్యలో మాయమవుతూ ఉంటుంది. ఫైబర్ హెచ్‌డీఎంఐ వాడండి. దానికి ఒక దిశ ఉంటుంది, ఒక కొన బొమ్మను పంపే పెట్టెకు (సోర్స్), ఇంకొక కొన ప్రొజెక్టర్‌కు (డిస్‌ప్లే) అని రాసి ఉంటుంది. పైపులో వేయకముందే నేల మీద పరిచి, రెండు వైపులా తగిలించి, బొమ్మ వచ్చిందని చూసుకున్నాకే లోపలికి లాగండి. తిరగేసి లాగినవారు మొత్తం బయటికి తీసి మళ్లీ వేసుకోవాలి.

ప్రొజెక్టర్‌కూ ఆంప్లిఫయర్‌కూ ఒకే సర్క్యూట్ నుంచి, ఒకే ఎర్తింగ్ నుంచి కరెంటు ఇవ్వండి, లేకపోతే స్పీకర్లలో హమ్ అనే మోత రావచ్చు. దీపం ఉన్న ప్రొజెక్టర్ కొంటే కరెంటు పోయిన క్షణంలో ఫ్యాన్ ఆగి, వేడి లోపలే నిలిచి, దీపం దెబ్బతినవచ్చు. చిన్న సైన్ వేవ్ యూపీఎస్ దానికి తప్పనిసరి. సాకెట్లన్నీ నేల నుంచి నాలుగడుగుల పైన పెట్టించండి, ఆంప్లిఫయర్‌ను గోడ సజ్జ మీద ఉంచండి. నీళ్లు ఎంత బాగా ఆపినా నేల మీద కరెంటు వద్దు.

నక్కలగుట్ట ఇల్లు:

నిన్న ఒక పరీక్ష చేశాను. గోడ మీద 120 అంగుళాల తెర గీశాను, కింది అంచు నేలకు 30 అంగుళాల ఎత్తులో, పై అంచు 89 అంగుళాల ఎత్తులో. ఒక అట్టపెట్టెకు లెన్సు చోట రంధ్రం చేసి, అందులోంచి రెండు దారాలు తీసి, తెర పై మూలల్లో మేకులకు కట్టాను. దుకాణం వారు చెప్పినట్టు 13 అడుగుల దగ్గర స్లాబుకు ఆనించి పెడితే లెన్సు 104 అంగుళాల ఎత్తులో ఉంది. దారం బిగించగానే బీము వెనుక అంచు మీద ఎక్కి వంగింది. గుండు దారంతో కొలిస్తే అడ్డం అంగుళానికి పైనే ఉంది. అంటే బొమ్మ పైభాగం మొత్తం బీము మీదే పడేది. నాన్న కుర్చీలో కూర్చుని చూస్తూ, ఈ దారం పని దుకాణం వారు చేస్తే బాగుండేదన్నారు.

తర్వాత పెట్టెను 14 అడుగులకు జరిపి, తాడుతో దించుతూ వచ్చాను. లెన్సు 94 అంగుళాల ఎత్తులో ఉన్నప్పుడు దారాలు బీము కింద నుంచి ధారాళంగా వెళ్లాయి. నిష్పత్తి 1.6 వచ్చింది. నిలువుగా 60 శాతం లెన్స్ షిఫ్ట్ ఉన్న మూడు ఎల్‌సీడీల ప్రొజెక్టర్‌కు ఇది సరిపోతుంది, ఎందుకంటే లెన్సు తెర మధ్యభాగం కంటే 34.5 అంగుళాలు పైన ఉంది, తెర ఎత్తు 59 అంగుళాలు, అంటే సుమారు 58 శాతం. సోఫా 12 అడుగుల దగ్గర కాబట్టి ఫ్యాన్ మోత నెత్తిన కాకుండా వెనుక ఉంటుంది. రెండు రకాలనూ చూపించాను. నాన్నకు మెరుపులు కనిపించలేదు గాని, పదేళ్ల మా పాప అడక్కుండానే, అక్షరాల చుట్టూ రంగులు వస్తున్నాయని చెప్పింది. దాంతో నిర్ణయం అయిపోయింది.

కరీంనగర్ సివిల్:

చాలా మంచి పని చేశారు. స్టాండును స్లాబుకే బిగించండి, బీము అడుగున మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ డ్రిల్ పెట్టనివ్వకండి. బరువు మోసే ప్రధాన రాడ్లు అక్కడే ఉంటాయి. స్లాబులో కూడా రాడ్ల కింద కాంక్రీటు కవరు 20 మిల్లీమీటర్ల చుట్టే ఉంటుంది కాబట్టి డ్రిల్ ఇనుముకు తగిలి ఆగితే బలవంతంగా తోయకుండా రంధ్రాన్ని కాస్త పక్కకు జరపండి. నాలుగు యాంకర్ బోల్టులు వేశాక, ప్రొజెక్టర్ తగిలించే ముందు దాని బరువుకు రెండింతలు ఒక రాత్రంతా వేలాడదీసి చూడండి.

నక్కలగుట్ట ఇల్లు:

ఆరు వారాల తర్వాత రాస్తున్నాను. పని పూర్తయింది. స్లాబు నుంచి లెన్సుకు 20 అంగుళాల దూరం వచ్చేలా పైపు స్టాండు బిగించాం. ఒక రంధ్రానికి రాడ్డు తగిలింది, అంగుళంన్నర జరిపాం. బస్తాలో ఇసుక కట్టి రాత్రంతా వేలాడదీశాం, కదల్లేదు. కీస్టోన్ సున్నా దగ్గరే ఉంది, లెన్స్ షిఫ్ట్ తిప్పగానే బొమ్మ గీతల్లోకి వచ్చి కూర్చుంది. స్లాబుకు, పక్క గోడలకు ముదురు బూడిద రంగు వేయించాను. కాంక్రీటు గదిలో మాటలు మోగుతుంటే వరంగల్ కొత్తవాడ నుంచి ముదురు నీలం షతరంజీలు (నూలు దర్రీలు) రెండు తెచ్చి, పక్క గోడలకు కర్ర చట్రం మీద నాలుగంగుళాల ఎడంతో కట్టాను. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, వాటిని ఇంట్లో వేలాడదీయడం నాకు గర్వంగా ఉంది. పలుచని నూలు కాబట్టి లోతైన మోతను ఆపవు, మాటలు మాత్రం తేటగా వినిపిస్తున్నాయి.

గత వారం రెండు రోజులు ముసురు పట్టింది. కుడి గోడకు మళ్లీ కవరు అంటించి చూశాను, ఈసారి పొడిగానే ఉంది.

హుజూరాబాద్ టీచర్:

సంతోషం. నాన్నగారికి ఎలా ఉంది?

నక్కలగుట్ట ఇల్లు:

మొదటి రోజు టైటిళ్లు పడుతున్నప్పుడు లేచి తెర దాకా నడిచి వెళ్లి, అక్షరాల అంచులు చేత్తో తడిమి చూసి, తిరిగి వచ్చి కూర్చున్నారు మేడమ్. సోఫాను ఒక అడుగు ముందుకు జరపమన్నారు. ఇప్పుడది 11 అడుగుల దగ్గర ఉంది.